నవోమి డబ్బాలో పంట

క్రిందటేడు కోత పండుగకు బెన్హర్ తెచ్చిన గుమ్మడికాయ మీద సుద్దముక్కతో రాసిన ధర చెరగలేదు. "మా పెరట్లో కాసింది" అని అతను మందిరం గుమ్మంలో గొప్పగా చెప్పుకొన్నాడు. కాయ మాత్రం బల్ల మీద కూర్చుని, నెల్లూరు మార్కెట్టులో తన వెల ఎంతో ఆరాధన అయ్యేదాకా అందరికీ చెబుతూనే ఉంది. సంఘ పెద్ద క్రీస్తుదాసు గారు ఆ రోజు పల్లెత్తు మాట అనలేదు. ఏడాది పొడుగునా కడుపులో దాచుకొని, ఈ ఏటి పండుగ ఇంకా మూడు వారాలుందనగా మైకు పట్టుకొన్నారు.

"ఈసారి బల్ల మీదకి కొన్న సరుకు రాకూడదు. డబ్బు కవర్లు కూడా వద్దు, వాటికి వేరే పెట్టె ఉండాది. ఎవురి చేత్తో వాళ్ళు పెంచింది తేవాల. పైరో పశువో, దానికి ప్రాణం ఉండాల. పెంచినోళ్ళ పేరే చదువుతా. ఇంటిపేరు గాదు, మొగుడి పేరు గాదు."

మగవాళ్ళ చాపల వైపు గొణుగుడు బయలుదేరింది. బెన్హర్ తల వంచుకొని చెప్పుల గురించి ఏదో ఆలోచిస్తున్నట్టు కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు, స్తంభం పక్కన కూర్చున్న నవోమి మాత్రం నిటారుగా సర్దుకొని మైకు వైపు చూసింది.

మైపాడు దారిలో ఉన్న ఆ పల్లెలో కోత పండుగంటే పిల్లా పెద్దా అందరికీ ప్రాణం. తొలి పంటలో ఒక పన వరి, కోళ్ళు, కొబ్బరికాయలు, కూరగాయలు, ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి మందిరంలో బల్ల మీద పెడతారు. సంఘ పెద్ద తన పుస్తకంలోంచి ఒక్కొక్కరి పేరూ చదువుతాడు. తరువాత వేలం, ఆ తరువాత అందరూ కలిసి తినే ప్రేమ విందు. వేలంలో ఏది ఎవరికి పోయిందో సాయంత్రానికి మర్చిపోతారు. మైకులో ఎవరి పేరు వినబడిందో మళ్ళీ ఏటిదాకా గుర్తుంచుకొంటారు.

నవోమి సూళ్ళూరుపేట నుంచి ఈ ఊరికి కోడలై వచ్చి ఏడేళ్ళు. ఏడేళ్ళూ కవరే ఇచ్చింది. మైకు ఏడుసార్లూ ఆమె భర్త పేరుతో "కిషోర్ బాబు కుటుంబం, కవరు" అని ఊరుకొంది. ఆ వెంటనే "మగ్దలీనమ్మ గారు, కోడి" అని వినబడేది. అత్త మగ్దలీనమ్మ మెడ అప్పుడు ఎంత పొడుగయ్యేదో చూసినవాళ్ళకే తెలుసు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన పేరు ఆ మైకులో వినాలని నవోమికి ఉండేది. పైకి చెప్పుకొంటే నవ్వుతారని లోపలే పెట్టుకొంది.

"ఈసారి నెల్లూర్లో గుమ్మడికాయ కొని సుద్ద బాగా కడుగుదాం," అన్నాడు కిషోర్ బాబు ఆ రోజు అన్నం దగ్గర. అతను ఐసు బండి తోలుతాడు. బండి తోలేవాళ్ళకు ఏ కష్టమైనా ఒక మలుపు తిప్పితే సరిపోతుందనిపిస్తుంది.

"నేను కూడా పెంచేవి ఉండాయి," అంది నవోమి.

"యాడ?"

"ల్యాబులో."

నవోమి పని ఇందుకూరుపేటలో, రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో. పరీక్షలొక్కటే కాదు, అక్కడ మంచి బాక్టీరియాను పెంచే పని కూడా ఆమెదే. గాజు గొట్టంలో అగ్గిపుల్ల తలంత మడ్డిగా మొదలవుతాయవి. బెల్లం నీళ్ళు, కాస్త తవుడు పెడితే రెండు రోజులకు డ్రమ్ము నిండా పెరుగుతాయి. రైతులు తీసుకుపోయి చెరువుల్లో పోస్తారు. అవి చెరువు అడుగున పేరుకొన్న మురుగును తిని నీటిని తేటపరుస్తాయి. ఆరేళ్ళుగా ఆ సంతానాన్ని చావకుండా కాపాడుకొస్తున్నది ఆమే. ఆదివారం ఆరాధనకు ముందు కూడా స్కూటీ వేసుకొని వెళ్ళి వాటికి మేత వేసి వస్తుంది. మరి ఇది పెంచడం కాకపోతే మరేమిటి? కోడికి గింజలు చల్లడం పెంచడమైతే, వీటికి బెల్లం పోయడం పెంచడం కాదా?

మర్నాడే ల్యాబు సారును అడిగి, గొట్టంలోంచి కొంచెం ఇంటికి తెచ్చుకొంది. అవతలివైపు కనబడే ప్లాస్టిక్ పచ్చడి డబ్బా ఒకటి మరిగే నీళ్ళతో కడిగి, కాచి చల్లార్చిన బెల్లం నీళ్ళు పోసి, కాస్త తవుడు కలిపి, అందులో వదిలింది. గాలి పోవడానికి మూత వదులుగా పెట్టింది. రోజూ పాత నీళ్ళు కొన్ని తీసి కొత్తవి పోసేది. మగ్దలీనమ్మ మూడు రోజులు ఓపికపట్టి, నాలుగో రోజు పొద్దున పుంజుకు నూకలు వేస్తూ అడిగింది.

"ఏందిమే అది? వాసన చూస్తే కల్లు మాదిరి ఉండాది. పండగ ముందర కొంపలో కల్లేంది?"

"కల్లు గాదత్తా. కోత పండగకి నేను తీసకపోయేది. ప్రాణం ఉన్నవి."

మగ్దలీనమ్మ డబ్బాను ఎండకు ఎత్తి చూసింది. "కాళ్ళేవి? కళ్ళేవి?"

"అవేం లేవు. ఒక్కొక్కటి ఒక్క కణమే."

"కణమంటే?"

నవోమి అరుగు మీద అత్త పక్కనే కూర్చుంది. ఎదురుగా ఎర్ర పుంజు, ఊరంతా తన సొంతమన్నట్టు, కాలితో మట్టి చిమ్ముతోంది.

"నీ పుంజుని చూడు. దాని ఒళ్ళంతా కణాలే. కోట్లకి కోట్లు. కంట్లో ఉండేది చూసే పనే చేస్తాది. కడుపులో ఉండేది అరిగించే పనే చేస్తాది. ఒకదాని పని ఇంకోటి చెయ్యలేదు. ఏదన్నా ఒకదాన్ని పెరికి బయట పడేస్తే పూట గడవదు, చస్తాది. అన్నీ కలిసుంటేనే అది పుంజు."

"మన ఇల్లు మాదిరి అను."

"మన ఇంట్లో నువ్వొక్కదానివే అన్ని పనులూ చేస్తావులే. నా డబ్బాలోవి నీ మాదిరి. ఒక్క కణమే ఒక నిండు ప్రాణి. తినేది అదే, బతికేది అదే, రెండయ్యేది అదే. పక్కదాని కోసం కాచుకోని కూర్చోదు."

"రెండయ్యేదంటే? పెళ్ళీ పెటాకులూ ఏం లేవా?"

"లేవు. బాగా తిని పెరిగి నడిమికి చీలిపోతాది. ఒకటి రెండు, రెండు నాలుగు. అంతే."

మగ్దలీనమ్మ ఇంకో గుప్పెడు నూకలు చల్లింది. "మరి అందులో తల్లెవురు, బిడ్డెవురు?"

"ఇద్దరూ ఒకటేనత్తా. ఇది తల్లి, ఇది బిడ్డ అని చెప్పలేం."

"అయితే అత్తాకోడళ్ళ పోరు లేదు," అంది మగ్దలీనమ్మ, పెద్ద సంగతి తేల్చినట్టు. ఇద్దరూ పకపకా నవ్వారు. పుంజు నూకలు వదిలేసి తల వంకరగా పెట్టి చూసింది.

"ఇంకోటి కూడా ఉండాది," అంది నవోమి. "సూళ్ళూరుపేటలో మా అమ్మోళ్ళ ఇల్లు చూసినావు గదా. ఒకటే గది. పొయ్యి ఆడే, పడక ఆడే, ఇంటి కాయితాల సంచి ఆడే గోడకి తగిలించి ఉంటాది. ఈ కణం అట్టాంటిది. నీ పుంజు కణాలేమో గదులున్న ఇల్లు. వంశం రాతంతా లోపలి గదిలో పెట్టి తలుపేసి ఉంటాది. వీటికి ఆ లోపలి గది లేదు. రాత కూడా అందరి మధ్యనే పడుంటాది."

"ఒంటిగదోళ్ళని తీసెయ్యబాకమే. నేను ముగ్గుర్ని కనింది ఒంటిగదిలోనే," అంది మగ్దలీనమ్మ. ఆ రోజు నుంచి డబ్బాను కోడిపిల్లలు దొర్లించకుండా ఆమే కాపలా కాసింది. అయితే కాపలా కాస్తూనే రోజుకు రెండుసార్లు అనేది: "బల్ల మీద మాత్రం నా పుంజు పక్కన పెట్టబాక. అది పొడుస్తాది."

పండుగ రోజు పొద్దున తొమ్మిదికే ఎండ చురుక్కుమంది. మందిరం ముందు షామియానా వేశారు. అన్నం గుండిగలు పొయ్యెక్కాయి. నవోమి డబ్బాలో తాజా బెల్లం నీళ్ళు పోసి, చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి, రెండు చేతులతో పట్టుకొని గుమ్మం దాకా వచ్చింది. గుమ్మంలో క్రీస్తుదాసు గారు కుర్చీ వేసుకొని, ఇస్త్రీ మడతలు నలగని తెల్ల పంచెలో కూర్చుని, పుస్తకంలో గళ్ళు నింపుతున్నారు. పేరు, తెచ్చింది ఏమిటి, ఎన్ని. ఆయన వరి రైతు. రొయ్యల చెరువు గట్టు ఎక్కింది లేదు.

"మగ్దలీనమ్మ, పుంజు, ఒకటి," అని రాసుకొని తలెత్తారు. "నువ్వేం తెచ్చినావమ్మా?"

"నేను పెంచినవి పెద్దయ్యా."

"ఏందవి?"

"బాక్టీరియా."

క్రీస్తుదాసు గారి కలం ఆగిపోయింది. కుర్చీ కూడా కాస్త వెనక్కి జరిగింది. "రోగమా? దేవుని బల్ల మీద రోగం పెడతావా అమ్మా?"

"రోగాలు తెచ్చేవి వేరే పెద్దయ్యా. ఇవి మంచివి. పెరుగు తోడుకునేది కూడా ఇట్టాంటి వాటి వల్లే గదా."

"పెరుగు సంగతి ఇంట్లో ఆడోళ్ళకి తెలుస్తాది, నాకు తెలవదు. సరే, ఎన్ని?"

"లెక్కబెట్టలేం పెద్దయ్యా. మనం ఇట్టా మాట్లాడే లోపల కూడా పెరుగుతా ఉంటాయి."

"లెక్క లేనిది పుస్తకంలో ఎట్టా రాసేది?" ఆయన మంచివాడే. కానీ గడి ఖాళీగా ఉంటే ఆయనకు అన్నం సహించదు. "పోనీ, ప్రాణం ఉండాదని నాకెట్టా తెలవాల? కోడి కూస్తాది. మేక అరుస్తాది. ఏదీ, దీన్ని ఒకసారి అరిపించు."

వెనక వరుసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. వంకాయల తట్ట పట్టుకొన్న ఫేబీ అయితే మరీ బాహాటంగా నవ్వింది. నవోమి డబ్బాను ఇంకాస్త దగ్గరకు హత్తుకొంది. ఏడేళ్ళ కోరిక గుమ్మం దాకా వచ్చి, గడపలో అడ్డంగా పడుకొన్నట్టయింది.

"పాస్టరు అయ్యగారిని అడిగి చెప్తాలే. అందాకా ఆ పిట్టగోడ మీద పెట్టిపో," అన్నారు క్రీస్తుదాసు గారు.

"మూత మాత్రం వదులుగానే ఉండనీయండి పెద్దయ్యా," అంది నవోమి. సరిగ్గా అప్పుడే లోపల బెన్హర్ మైకు పట్టుకొని "హలో, హలో, హలో" అంటున్నాడు. క్రీస్తుదాసు గారు విన్నట్టే తలూపారు.

లోపల పాట మొదలైంది. వరి పనలు ముందు, వాటి వెనక కొబ్బరి గెలలు, ఆనపకాయలు, ఒక బాతు, కాళ్ళకు తాడు కట్టిన ఎర్ర పుంజు బల్ల దగ్గరకు చేరాయి. నవోమి ఖాళీ చేతులతో స్తంభం పక్కన కూర్చుంది. పాటలయ్యాయి, వాక్యమయింది, అయ్యగారు కృతజ్ఞత గురించి ముప్పావుగంట చెప్పారు. ఒక్క ముక్క ఆమె చెవిని పడలేదు. కళ్ళన్నీ గుమ్మం మీదే ఉన్నాయి. క్రీస్తుదాసు గారు అయ్యగారి చెవిలో ఏమైనా చెబుతారేమోనని చూసింది. ఆయన చెప్పలేదు. ఆ హడావిడిలో మరిచేపోయారు.

పేర్లు చదవడం మొదలైంది.

"ఫేబీ, వంకాయలు, ఒక తట్ట. బెన్హర్..." క్రీస్తుదాసు గారు కళ్ళజోడు మీదుగా చూశారు. "బెన్హర్, కోడిగుడ్లు, పన్నెండు. మగ్దలీనమ్మ, పుంజు, ఒకటి."

తన పేరు పిలిచినట్టే పుంజు కొక్కొరోకో అంది. మందిరమంతా నవ్వింది. మగ్దలీనమ్మ మెడ పొడుగవబోయి, పక్కన కోడల్ని చూసి, సగంలోనే ఆగింది. ఇంకో పది పేర్లు చదివి క్రీస్తుదాసు గారు పుస్తకం మూశారు. మెల్లగా నడిచి వెళ్ళి గుమ్మం బయట తన చోట నిలబడ్డారు.

అంతే, అయిపోయింది. నవోమి కొంగు కొస వేలికి చుట్టుకొంటూ, విప్పుకొంటూ ఉండిపోయింది. ఏడుపు రాలేదు, ఏడవడానికి కూడా సిగ్గేసింది. మళ్ళీ ఏడాదికి ఓ కోడిని కొని పెంచితే పోలా అనుకొంది. ఆ మాట అనుకొన్నందుకు డబ్బాలో ఉన్నవాటికి ద్రోహం చేసినట్టనిపించి, ఇంకా బాధపడింది.

"అందరం కళ్ళు మూసుకొని ఒక్క నిమిషం మౌనంగా ప్రార్థిద్దాం," అన్నారు అయ్యగారు.

నిశ్శబ్దం. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు. దూరంగా రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలిపే చక్రాలు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు.

ఢాం!

పుంజు ఎగిరి వరి పన మీద పడింది. బాతు బల్ల కిందకు దూరింది. "గ్యాసు బండ!" అని ఒకరు, "టైరు!" అని ఒకరు, "ప్రభువా!" అని పదిమంది కేకలేశారు. నవోమి ఒక్కతే అరవలేదు. అదేమిటో ఆమెకు తెలుసు. లేచి, చాపలు తొక్కుకొంటూ, చెప్పుల్లేని కాళ్ళతో ఎండలోకి పరుగెత్తింది.

పిట్టగోడ మీద డబ్బా ఒరిగి ఉంది. మూత యాభై అడుగుల దూరంలో పడి ఉంది. బెల్లం నురగ గోడ మీదుగా మెట్ల మీదకు కారుతోంది. మెట్ల పక్కన క్రీస్తుదాసు గారు, చేతులు రెండూ ఎడంగా పెట్టుకొని, కదిలితే ఏమవుతుందోనని నిలబడి ఉన్నారు. ఆయన తెల్ల పంచె, చొక్కా, మీసం, కళ్ళజోడు మీద తవుడు చుక్కలు చక్కగా పరుచుకొన్నాయి.

షామియానా కింద కూర్చున్న పద్మనాభయ్య గారు పరుగున వచ్చారు. ఆయనకు అయిదు రొయ్యల చెరువులున్నాయి. మతం వేరైనా, నాటుకోడి కోసం ఏటా కోత పండుగ వేలానికి తప్పకుండా వస్తారు. డబ్బాను చూశారు, మూతను చూశారు, పొట్ట పట్టుకొని నవ్వారు.

"మూత బిగించిందెవురయ్యా? బెల్లం తిని అవి గాలి వదుల్తాయని చెరువు గట్టున పసిబిడ్డకి కూడా తెలుసే! పైగా ఎండలో పెట్టినారు!"

"చీమలు పడతా ఉంటే..." క్రీస్తుదాసు గారి గొంతు చాలా చిన్నదైంది. "నేనే గట్టిగా బిగించినా."

ఆయన కళ్ళజోడు తీసి, నవోమి వైపు చూశారు. "మీద పడిందాని వాసన చూస్తే బెల్లమే. రోగం గాదు. అమ్మా, నీ పంటంతా నేనే నేలపాలు చేసినా గదా. తప్పయిపోయింది."

నవోమి డబ్బాను రెండు చేతులతో నిలబెట్టి చూసింది. అడుగున రెండు వేళ్ళ మందం మిగిలి ఉంది. అందులోంచి సన్నటి బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి వస్తున్నాయి. అప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది గాని, తవుడు మీసం ఎదురుగా ఉంటే ఎవరాపుకోగలరు?

"ఏం పోలేదు పెద్దయ్యా. పుంజుని సగం చేస్తే అది కూరే, ఇక కుయ్యదు. వీటిని ఎంత చీల్చినా, ఎంత ఒలికించినా, మిగిలిన చుక్కలో ఉండేవన్నీ నిండు ప్రాణాలే. ఒకదానికీ ఒక కాలు తక్కువ గాదు. బెల్లం నీళ్ళు పోస్తే రేపటికి డబ్బా నిండిపోతాది."

"ఈ రెండు వేళ్ళ నీళ్ళలోంచేనా?"

"దాంట్లో ఒక్క చుక్కయినా చాలు."

క్రీస్తుదాసు గారు డబ్బాలోకి వంగి, బుడగలను చాలాసేపు చూశారు. ఒక బుడగ పగిలింది. ఆయన ముక్కు తుడుచుకొన్నారు.

"అరిపించమన్నా గదా," అన్నారు చివరికి. "ఈ మందిరంలో ఇంత గట్టిగా అరిచింది ఇంకోటి లేదు."

ఆయనే డబ్బాను అందుకొన్నారు. చూపుడువేలు డబ్బా మూతికి అడ్డం పెట్టి, అంతకన్నా గట్టిగా మూయకుండా, జాగ్రత్తగా లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద వరి పనకూ పుంజుకూ మధ్య పెట్టారు. పంచె మార్చుకోమని అయ్యగారు చెబుతున్నా వినలేదు. పుస్తకం తెరిచి, కలం తీసి, రెండు గళ్ళు నింపారు. మూడో గడి దగ్గర ఆగి, తవుడు అంటిన కళ్ళజోడులోంచి నవోమిని చూశారు.

"ఎన్నని రాయాలమ్మా?"

"ఇందాకటి కన్నా తక్కువే పెద్దయ్యా. కానీ పెరుగుతా ఉండాయి."

ఆయన ఆ మాటే రాసుకొని మైకు నోటి దగ్గరకు తెచ్చుకొన్నారు. నవోమి నిలబడే ఉంది. కాళ్ళకు బెల్లం నీళ్ళు అంటి నేలకు అతుక్కొంటున్నాయి. కూర్చోవాలని కూడా తోచలేదు.

"నవో..."

కొక్కొరోకో! అంది పుంజు. తన పక్కన కొత్తగా వచ్చి కూర్చున్న డబ్బా దానికి నచ్చలేదో ఏమో, రెక్కలు కొట్టి మరీ కూసింది. మైకులో దాని కూత తప్ప ఇంకేమీ వినబడలేదు. జనం నవ్వారు. నవోమి ముఖంలో నవ్వు సగంలో నిలిచిపోయింది.

మగ్దలీనమ్మ లేచింది. ఆడవాళ్ళ చాపలు దాటుకొని బల్ల దగ్గరకు నడిచి, ఏడాదిపాటు నూకలు పెట్టి, నూనె రాసి, ఊరంతా చెప్పుకొన్న తన పుంజును చంకలో ఇరికించుకొంది. రెండు వేళ్ళతో దాని ముక్కు గట్టిగా మూసింది.

"నువ్వు చదువయ్యా," అంది. "మా కోడలి పేరు మళ్ళీ చదువు. నిమ్మళంగా చదువు."

క్రీస్తుదాసు గారు గొంతు సవరించుకొన్నారు.

"నవోమి గారు. తన చేత్తో పెంచిన ప్రాణాలు. ఎన్నంటే, లెక్క ఇంకా తెగలేదు, పెరుగుతా ఉండాయి."

పుంజు కళ్ళు తిప్పుతూ అత్త చంకలో గింజుకొంది. మగ్దలీనమ్మ వదల్లేదు. మైకులోంచి నవోమి పేరు కిటికీలు దాటి, షామియానా దాటి, రొయ్యల చెరువుల దాకా వెళ్ళింది.